గుర్తుపట్టని కారు

మొన్న శ్రావణంలో నాలుగు రోజులు వరుసగా వానలో నానిన మా కారు, అయిదోనాడు పొద్దున నన్ను గుర్తుపట్టడం మానేసింది. తాళంచెవి మీది మీట నొక్కితే తలుపు పలకలేదు. చెవి పెట్టి తలుపు తీసి, లోపల తిప్పితే ఇంజను గిరగిర తిరిగిందేగాని అందుకోలేదు. ఎదుటి పలకమీద ఎర్రని తాళంచెవి బొమ్మ ఒకటి కన్ను కొడుతూ కూర్చుంది.

"బ్యాటరీ అయిపోయి వుంటుందండీ" అంది మా ఆవిడ. చెవిలోని రూపాయిబిళ్ళంత బ్యాటరీ మార్చాను. పక్కవీధి ఎలక్ట్రీషియను వచ్చి కారు బ్యాటరీయే మార్పించాడు. రెండూ కొత్తవయినాయి. బొమ్మ మాత్రం కన్ను కొట్టడం మానలేదు.

చివరికి విజయవాడ ఆటోనగర్‌కు లాగించుకుపోయాను. అక్కడి మేస్త్రీ డాష్‌బోర్డు కిందనుంచి చిన్న నల్లపెట్టె ఊడదీసి చూపించాడు. లోపలంతా పచ్చని చిలుం! నేను కారు నిలిపేది వేపచెట్టు కింద. రాలిన ఆకులు ముందు అద్దం దిగువన నీరుపోయే దారిని మూసేస్తే, వాన కాస్తా లోపలికి దిగిందట.

తాళంచెవి తలలో ఒక చిప్పు వుంటుంది. దానికి బ్యాటరీ అక్కరలేదు. తాళం చుట్టూ వున్న తీగచుట్ట నుంచే శక్తి పుచ్చుకుని తన గుర్తు చెబుతుంది. అది సరిపడితేనే ఇంజను అందుకుంటుంది. ఐరోపా సమాఖ్యలో 1998 నుంచి కొత్త కార్లకు ఈ కాపలా తప్పనిసరి చేశారు. ఉంగరం ఒక్కటి పోతే దుష్యంతుడు అంతలా మరచిపోతాడా అని అడిగే మా క్లాసు కుర్రవాళ్ళకు ఇకనుంచి కారు చూపిస్తాను.

"పాత పెట్టె చవగ్గా దొరకదా?" అన్నాను.

"దొరుకుతుంది సార్. దానికి పాత కారే గుర్తు. మీ ఇంజనుతో పొత్తు కుదరదు. కొత్తది పెట్టి, స్కానరుతో జత చెయ్యాలి. చెవులన్నీ ఒక్కసారే తెండి. ఆవేళ లేని చెవితో ఇక బండి కదలదు."

చిక్కంతా అక్కడే వచ్చింది. కారు నాన్నగారిది. ఆయన పోయి ఏడాదిన్నర. రెండో చెవి అమ్మ దగ్గర, దేవుడి గూట్లో, ఆయన కళ్ళజోడు పక్కన వుంది.

"అందులోంచి ఏమన్నా తీసేస్తారట్రా?" అంది అమ్మ.

"తియ్యరమ్మా. కొత్త పెట్టెకు పరిచయం చేస్తారంతే."

"ఇవ్వకపోతేనో?"

"తలుపు తీస్తుంది. ఇంజను కదలదు."

"ఆయన చెవి ఆయన కారుకే పనికిరాకుండా పోతుందన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయింది. రెండురోజులు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఒక్క చెవితోనే సరిపెట్టుకుందామని మనసులో అనుకున్నాను కూడా.

మూడోనాడు పొద్దున్నే స్నానంచేసి, చేతిసంచీ పట్టుకుని బయల్దేరింది. "నేనూ వస్తాను. నా చేత్తోనే ఇస్తాను."

షెడ్డులో స్టూలు మీద కూర్చుంది. మేస్త్రీ మొదట నా చెవి జతచేసి, తరువాత చెయ్యి చాచాడు. అమ్మ ఒక్క క్షణం ఆగి ఇచ్చింది. తిప్పాడు. బొమ్మ ఆరిపోయింది, ఇంజను అందుకుంది.

"కాసేపు ఆపకు నాయనా" అంది అమ్మ.

చెవి తిరిగి పుచ్చుకుని కొంగున ముడివేసుకుంది. బిల్లు ఎంతయిందో మా ఆవిడకు ఇంకా పూర్తిగా చెప్పలేదు. కారు మాత్రం వేపచెట్టు కింద నిలపడం లేదు.