నెల తక్కువ బిడ్డల ఎముకల గురించి మంత్రి గారికి

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

కడుపులో బిడ్డ ఎముకలకు కాల్షియం, ఫాస్ఫరస్ చాలావరకు చివరి మూడు నెలల్లోనే చేరతాయి. 32 వారాలకు ముందే, కిలోన్నర లోపు బరువుతో పుట్టిన పసికందుకు ఆ నిల్వ దక్కదు. ఉత్త తల్లిపాలతో ఆ లోటు పూడదు, పాలలో ఆ ఖనిజాలు అందించే ఫార్టిఫయర్ కలపాలి. ఎముక మరీ పెళుసైతే మామూలుగా ఎత్తుకున్నా పక్కటెముక విరగొచ్చు.

వార్డులో ఉన్నన్నాళ్లూ మేం కంటికి రెప్పలా చూసుకుంటాం. నా బెంగంతా డిశ్చార్జి తర్వాతే. ఎముకలకు కాల్షియం పట్టడానికి వేయాల్సిన విటమిన్ డి చుక్కల చీటీ పట్టుకుని తల్లి మందుల షాపుకు వెళ్తుంది. అక్కడ మిల్లీలీటరుకు 400 యూనిట్ల సీసా ఉంటుంది, 800 యూనిట్లదీ ఉంటుంది. సీసా మారితే డోసు రెట్టింపో సగమో అవుతుంది. డ్రాపర్ మీద ఏ సన్నటి గీత దాకా నింపాలో ఆమెకు ఎవరు చూపిస్తారు? ఎండలో పడుకోబెడితే చాలంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఈ బిడ్డలకు అది చాలదండీ.

అందరికీ ఒకే మోతాదు సీసాను డిశ్చార్జి రోజునే ఉచితంగా చేతికివ్వండి. 42వ రోజు దాకా ఇంటికొచ్చే ఆశా కార్యకర్త చుక్కలు వేస్తున్నారో లేదో చూసి కార్డులో రాయాలి. ఎముకల స్థితి తెలిపే ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రక్త పరీక్షలు ప్రతి జిల్లా ఆసుపత్రిలో అందాలి.

ఇట్లు,
నవజాత శిశువుల వార్డులో పనిచేసే ఒక నర్సు