కాగితం మీద గెలిచిన జట్లు



పద్యాలూ సమాసాలూ తప్ప వేరే సంగతి ఎత్తని ఈ పంతులు ఆటల జోలికి వచ్చాడేమిటని మీరు అనుకోవచ్చు. ఆటల మీద వ్యామోహంతో రాలేదు, ఒక మాట మీద కోపంతో వచ్చాను. "మనసు పెట్టి ఆడలేదు" అన్నదే ఆ మాట.

2025 మార్చి 23న ఉప్పల్ మైదానంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ 286 పరుగులు చేసింది. ఇక ఈ ఏడు మూడు వందలు ఖాయమనీ, కప్పు మనదేననీ వ్రాసినవారు కోకొల్లలు. సీజను ముగిసేసరికి మన జట్టు ఆరో స్థానంలో ఉంది. మా జహీరాబాదు బజారులో అల్లం వ్యాపారం చేసే ఒకాయన నన్నాపి, "కోట్లు తీసుకున్నోళ్ళకు మనసు యాడుంటది సార్?" అన్నాడు. ఆయనను తప్పుపట్టను. పెద్ద పెద్ద విశ్లేషకులు చెప్పినదీ అదే, కాకపోతే ఇస్త్రీ చేసిన భాషలో "అంకితభావ లోపం" అన్నారు.

ఈ తీర్పు కొత్తది కాదు. 2008లో దక్కన్ చార్జర్స్ మీద ఇంతకన్న ఘాటుగా వినబడింది. ఆ జట్టును ఒకసారి తలచుకోండి. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, అఫ్రిదీ, గిబ్స్, లక్ష్మణ్, యువకుడైన రోహిత్ శర్మ. సైమండ్స్ ఒక్కడికే 13 లక్షల 50 వేల డాలర్లు. ఆ వేలంలో ధోనీ తరువాత అంత పలికినవాడు లేడు. ఆ పేర్లను చదువుతూంటేనే ఒళ్ళు పులకరించేది. ఆడినవి 14 పందేలు, గెలిచినవి రెండు. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. ఆ రెండు గెలుపులూ ముంబయిలో ఒకటి, చెన్నైలో ఒకటి. సొంత ఊళ్ళో ఒక్కటీ లేదు.

మనసు పెట్టలేదా? ఏప్రిల్ 24న ఉప్పల్‌లో సైమండ్స్ 53 బంతుల్లో 117 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. జట్టు 214 చేసింది. అయినా ఓడింది. రాజస్థాన్‌కు చివరి ఓవరులో 17 పరుగులు కావలసి ఉండగా బంతి ఎవరి చేతిలో ఉన్నదో తెలుసునా? ఆ సైమండ్స్ చేతిలోనే! నూరు దాటి కొట్టి అలసినవాడే చివరి ఓవరూ వేయవలసి వచ్చింది. షేన్ వార్న్ సిక్సర్లతో ఒక బంతి మిగిలి ఉండగానే ముగించాడు. మనసు లేనివాడు నూట పదిహేడు కొట్టడు. ఆ రాత్రి ఆ జట్టుకు లేనిది మనసు కాదు, చివరి ఓవరు వేసే నమ్మకమైన చేయి. ఎదురుగా ఉన్న రాజస్థాన్ అందరికన్న తక్కువ ఖర్చుతో కూర్చిన జట్టు. ఆ ఏడు కప్పు దానిదే.

ఇక్కడ నా పాత చదువు అడ్డు వస్తున్నది, మన్నించాలి. పదాల పోగు వాక్యం కాదనీ, అది వాక్యం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు కావాలనీ మన శాస్త్రకారులు చెప్పారు. సంతలో నిలబడి "కుండ, గొడుగు, ఎద్దు, బియ్యం" అని అరిస్తే నాలుగూ పనికివచ్చే వస్తువులే. కాని ఏ మాటా పక్కమాటను కోరడం లేదు; ఆకాంక్ష లేదు. "నీటితో కాల్చాడు" అంటే కోరిక ఉన్నా పొసగదు, యోగ్యత లేదు. "రాముడు" అని పొద్దున, "వచ్చాడు" అని సాయంత్రం పలికితే సన్నిధి లేదు. చార్జర్స్ పట్టికను ఈ కళ్ళతో చూడండి. అన్నీ కర్తృపదాలే, క్రియ ఏదీ?

దీనికి తోడు, అందరి కళ్ళెదుటా ఉండి ఎవరూ లెక్కలో వేసుకోని నియమం ఒకటి ఉంది. పదకొండు మందిలో విదేశీయులు నలుగురికి మించరాదు. చార్జర్స్ దగ్గర గిల్‌క్రిస్ట్, సైమండ్స్, అఫ్రిదీ, గిబ్స్, స్టైరిస్, వాస్, జోయ్‌సా ఉన్నారు. ఏడుగురు! ఎలా కూర్చినా ముగ్గురు బయట కూర్చోక తప్పదు. మనం ఆశలు పెట్టుకున్న జట్టు ఏ ఒక్కరోజూ మైదానంలోకి దిగలేదు, దిగడానికి వీలే లేదు. ఏడుగురిని చూసి ఆశపడి, నలుగురి ఆట చూసి మోసపోయామన్నాం. పైగా సైమండ్స్ సీజను నడుమనే తన దేశం తరపున ఆడడానికి వెళ్ళిపోయాడు. సన్నిధి కూడా పోయింది.

నాకు ఎక్కువ బాధ కలిగించినది లక్ష్మణ్ విషయం. అప్పటి ఏర్పాటు ప్రకారం ఊరి పేరుతో "ఐకాన్" అయిన ఆటగాడికి జట్టులో అత్యధిక ధర పలికినవానికన్న 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. జట్టు చేతిలో డబ్బు మిగలాలని లక్ష్మణ్ ఆ హోదానే వదులుకున్నాడు. 3 లక్షల 75 వేల డాలర్లకు ఆడాడు, నాయకత్వం వహించాడు, గాయపడి తప్పుకున్నాడు. జట్టు ఓడగానే వేళ్ళన్నీ ఆయన వైపే చూపించాయి. తన ధర తానే తగ్గించుకున్న మనిషికి అంకితభావం లేదట! ఆ వేళ్ళలో ఒక్కటైనా వేలం పట్టిక కూర్చినవారి వైపు తిరగలేదు.

మరుసటి ఏడు, 2009లో, అదే జట్టు దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. మే 24న జోహానెస్‌బర్గ్‌లో బెంగుళూరుపై ఆరు పరుగుల తేడాతో గెలుపు. పన్నెండు నెలల్లో మనసులు మారిపోయాయా? గిల్‌క్రిస్ట్, గిబ్స్, రోహిత్ శర్మ, ఆర్.పి. సింగ్, ఓఝా ఆ పాతవారే. అయితే మొదటినుంచీ గిల్‌క్రిస్టే నాయకుడు, శిక్షకుడుగా లేమన్ వచ్చాడు, బంతి వేయడానికి రయాన్ హారిస్, ఫిడెల్ ఎడ్వర్డ్స్ చేరారు. ఆర్.పి. సింగ్ 23 వికెట్లతో ఆ ఏటి బౌలర్లలో మొదటివాడయ్యాడు. ఫైనల్లో చార్జర్స్ చేసినది 143 మాత్రమే. ఏడాది క్రితం 214 చాలలేదు, ఇప్పుడు 143 చాలింది. పెద్ద ఆటగాళ్ళు వద్దని నేననడం లేదు. పక్కన వారిని కోరే మాటలు కూడా ఉండాలి.

అమెరికా బాస్కెట్‌బాల్ కథ దీనికి అన్న వంటిది. ఐదుగురు ఆడే ఆట, బంతి ఒక్కటే. 2004 జూన్ 15న డెట్రాయిట్ పిస్టన్స్ అనే జట్టు లాస్ ఏంజెలెస్ లేకర్స్‌ను 4-1తో ఓడించింది. లేకర్స్‌లో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ ఉన్నారు. పిస్టన్స్‌లో ఆ స్థాయి పేరున్నవాడు ఒక్కడూ లేడు. పిస్టన్స్ శిక్షకుడు ల్యారీ బ్రౌన్. సరిగ్గా రెండు నెలలకు, మన స్వాతంత్ర్య దినోత్సవం నాడు, అదే ల్యారీ బ్రౌన్ ఏథెన్స్ ఒలింపిక్స్‌లో డంకన్, ఐవర్సన్, లెబ్రాన్ జేమ్స్ వంటి మహామహులను దింపి, ప్యూర్టో రికో అనే చిన్న ద్వీపం చేతిలో 92-73తో ఓడిపోయాడు. ప్యూర్టో రికోవారు బుట్ట చుట్టూ దడి కట్టారు. దడి కట్టినప్పుడు దూరం నుంచి వేయాలి. దూరం నుంచి అమెరికా వేసిన 24 బంతుల్లో పడినవి మూడు! అందరూ లోపలికి దూసుకుపోయేవారే, దూరం నుంచి వేసేవాడు కరవు. కలిసి సాధన చేసినది కొద్ది వారాలే. చివరికి కాంస్యం దక్కింది, స్వర్ణం ఏళ్ళ తరబడి కలిసి ఆడిన అర్జెంటీనా పట్టుకుపోయింది. ఒకే వేసవి, ఒకే శిక్షకుడు. జూన్‌లో మనసు పెట్టి ఆగస్టులో మానేశాడని ఎవరైనా అంటారా?

మన కబడ్డీకి వద్దాం. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. జట్టు మొత్తానికి ఉన్న సొమ్ము ఐదు కోట్లు. సగానికి పైగా ఒక్కడికి పోస్తే, పట్టుపట్టేవారికి మిగిలేదెంత? పవన్ తన వంతు కూతలు పెట్టాడు, పాయింట్లూ తెచ్చాడు. జట్టు పన్నెండింటిలో పన్నెండోది. కబడ్డీలో కూతకు వెళ్ళి చిక్కినవాడు, తోటివారు పాయింటు తెచ్చేదాకా గీత బయట కూర్చోవాలి. అంటే రెండున్నర కోట్ల మనిషి మైదానంలోకి తిరిగి రావడం కూడా తక్కువ ధర మనుషుల చేతిలోనే ఉంది. ఇంతకన్న స్పష్టంగా ఆకాంక్షను ఏ వ్యాకరణమూ చెప్పలేదు. ఆయన వెళ్ళిపోయాక, 2025లో, విజయ్ మలిక్ నాయకత్వంలో టైటాన్స్ ప్లేఆఫ్‌లకు చేరింది.

ఒక చిన్న లెక్క కూడా చూపించి ముగిస్తాను (లెక్కల మాస్టారు నవ్వినా సరే). పది జట్లున్నాయి. అందులో ఒకదానికి కప్పు గెలిచే అవకాశం మిగిలిన ఒక్కొక్కదానికన్న రెట్టింపు ఉన్నదనుకుందాం. దానికి రెండు పాళ్ళు, తక్కిన తొమ్మిదింటికీ తొమ్మిది, మొత్తం పదకొండు. కప్పు దానికి వచ్చే అవకాశం పదకొండులో రెండు. కనుక రెట్టింపు అవకాశమున్న జట్టయినా సగటున పదకొండేళ్ళలో తొమ్మిదేళ్ళు "నిరాశపరుస్తుంది". ఇందులో ఎవరి మనసూ లేదు. ఆ తొమ్మిదేళ్ళూ మనం మాత్రం ద్రోహులను వెదుకుతూంటాం.

ఈ మాట మీద నా కోపం క్రికెట్‌తో మొదలు కాలేదు. ఉపాధ్యాయుల గదిలో దశాబ్దాలు విన్నాను. సీసపద్యంలో గణాలు తప్పినవాడికి ఇంద్రగణాలేవో, సూర్యగణాలేవో ఎవరూ విడదీసి చెప్పి ఉండరు. కార్డు మీద మాత్రం "మనసు పెట్టడం లేదు" అని పడేది. ఆ మూడు మాటలు పడ్డాక ఇక ఎవరూ ఏమీ వెదకరు. ఇంటి దగ్గర తండ్రి బెల్టు తీస్తాడు, అంతే. ఆటగాళ్ళకు కోట్లున్నాయి, తట్టుకుంటారు. మన ఊళ్ళలో జిల్లాస్థాయి పోటీలకు వెళ్ళి ఓడి వచ్చే పిల్లలకు ఏమున్నది? వారినీ బస్సు దిగీ దిగకముందే ఈ మాటతోనే ఎదుర్కొంటున్నాం. కూత పెట్టే ఏడుగురిని ఏరి పంపిస్తాం, చీలమండ పట్టేవాడిని ఇంటి దగ్గరే ఉంచుతాం, ఓడినది మాత్రం పిల్లల మనసట.

వచ్చే వేలం తరువాత మీలో ఎవరైనా "ఈసారి కప్పు మనదే" అని టపా వ్రాస్తే సంతోషంగా చదువుతాను. పేర్ల పట్టికతో పాటు, ఆ నలుగురు విదేశీయులు ఎవరో, పందొమ్మిదో ఓవరు ఎవరు వేస్తారో కూడా వ్రాయండి. వ్రాయకపోతే వ్యాఖ్యల్లో నేనే అడుగుతాను.