ఆరు గంటల నిరీక్షణ ఎవరి ఖాతాలో?

విజయవాడ నుంచి శ్రీనగర్ వెళ్ళదలచిన ప్రయాణికుడు ఢిల్లీలోనో, మరొక మహానగరంలోనో విమానం మారక తప్పదు. ఈ మధ్య విరామం ఒక్కొక్కప్పుడు గంటన్నర, ఒక్కొక్కప్పుడు ఐదారు గంటలు. దానిని నిర్ణయించేది ప్రయాణికుడు కాదు, విమాన సంస్థ. నలుదిక్కుల నుంచి జనాన్ని ఒకచోట చేర్చి, అక్కడి నుంచి తిరిగి నలుదిక్కులకు పంపడం సంస్థలకు లాభసాటి ఏర్పాటు. ఆ లాభంలో కొంత ప్రయాణికుని కాలం నుంచి వస్తున్నదన్న సంగతి రాజధానిలో ఎన్నడూ చర్చకు రాదు.

పాత పాలం విమానాశ్రయానికి 1986లో ఇందిరాగాంధీ పేరు పెట్టారు. 2006లో దాని నిర్వహణ జి.ఎం.ఆర్. సారథ్యంలోని సంస్థకు దక్కింది. 2010లో మూడవ టెర్మినల్ ప్రారంభమైంది. రాజాంలో పుట్టిన పారిశ్రామికవేత్త స్థాపించిన సంస్థ ఇంతటి నిర్మాణం చేయడం తెలుగువారికి ముచ్చట గొలిపే విషయమే. అయితే నిరీక్షించేవారిని విభజించే విషయంలో ఈ భవనం దేశంలోని ఇతర పెద్ద విమానాశ్రయాలకు భిన్నమైనది కాదు. లాంజిలోకి వెళ్ళగలవారు ఒక తెగ, వెళ్ళలేనివారు మరొక తెగ.

ఇటీవల ఒక విమాన సంస్థ లాంజిలో మూడు గంటలు గడిపే అవకాశం ఈ విలేఖరికి కలిగింది. మెత్తని సోఫాలు, వేడి ఇడ్లీ, రాజ్మా అన్నం, కావలసినన్ని సార్లు కాఫీ. అన్నిటికీ మించి నిశ్శబ్దం. ద్వారం వద్ద ఒక వృద్ధ దంపతులు నిలబడి ఉన్నారు. భర్త చేతిలో బ్యాంకు కార్డు ఉంది. కార్డుపై ఒకరికే ప్రవేశమని, రెండవవారు విడిగా రుసుము చెల్లించాలని గుమస్తా మర్యాదగానే చెప్పాడు. ఆయన రుసుము ఎంతో అడిగి, భార్య వైపు చూసి, కార్డు జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ బయటి కుర్చీల వైపు నడిచారు. వారికి ఇంకా ఐదు గంటల వ్యవధి ఉన్నదట.

ఒకప్పుడు లాంజి ఉన్నత తరగతి ప్రయాణికుల విడిది. బ్యాంకు కార్డులు వచ్చిన తరువాత దాని స్వరూపం మారింది. చాలా కార్డులపై ద్వారం వద్ద వసూలయ్యేది రెండు రూపాయలు. మిగిలిన మొత్తాన్ని బ్యాంకు భరిస్తుంది. బ్యాంకుకు ఆ సొమ్ము ఎక్కడిది? దుకాణదారు చెల్లించే రుసుములు, బాకీ తీర్చలేని ఖాతాదారు కట్టే వడ్డీ దాని ఆదాయంలో ముఖ్యమైనవి. లాంజి ముఖం చూడనివారు కూడా లాంజి భోజనానికి కొంత చెల్లిస్తున్నారన్న మాట. రద్దీ పెరిగిన కొద్దీ, 2024 నుంచి పలు బ్యాంకులు ఇంత ఖర్చు చేస్తేనే ప్రవేశమన్న షరతులు విధించాయి. సాయంకాలం వేళ కొన్ని లాంజిల ముందు బారులు చూస్తే రేషను దుకాణం జ్ఞాపకం వస్తుంది!

బయట ఉన్నవారి సంగతి వేరు. భద్రతా తనిఖీ దాటినవాడు చౌకగా టీ తాగి రావడానికి వీధిలోకి పోలేడు. లోపలి దుకాణం చెప్పినదే ధర. ఈ ఫిర్యాదులు ముదిరిన మీదట 2024 డిసెంబరులో కలకత్తా విమానాశ్రయంలో పది రూపాయలకు టీ, ఇరవై రూపాయలకు సమోసా అమ్మే ‘ఉడాన్ యాత్రీ కెఫే’ను ప్రభుత్వం తెరిపించింది. తరువాత అది మద్రాసుకూ వచ్చింది. మెచ్చదగిన పనే. కాని ఇది విమానాశ్రయాల బాధ్యతను గుర్తించడమే తప్ప, విమాన సంస్థల బాధ్యతను తాకలేదు.

పౌర విమానయాన డైరెక్టరేటు నిబంధనల ప్రకారం విమానం ఆలస్యమైతే, ప్రయాణ వ్యవధిని బట్టి రెండు మొదలు నాలుగు గంటలు దాటిన పిమ్మట సంస్థ ప్రయాణికులకు ఆహారం సమకూర్చాలి. అదే సంస్థ, ఒకే టికెట్టుపై, తన సౌకర్యం కోసం ఆరు గంటల విరామాన్ని ముందే రాసిపెడితే ఆ నిబంధన వర్తించదు. విరామం సంగతి తెలిసే టికెట్టు కొన్నారు గదా, చౌక కూడా గదా అని సంస్థలు వాదించవచ్చు. నేరుగా వెళ్ళే విమానం ఉండీ, నాలుగు డబ్బులు మిగలాలని చుట్టుదారి ఎంచుకున్నవానికి ఈ మాట చెల్లుతుంది. వేరు దారే లేని ఊరివానికి చెల్లదు. ‘ఉడాన్’ పథకం కింద 2017 నుంచి చిన్న పట్టణాల వారు ఎందరో తొలిసారి విమానం ఎక్కారు. ఈ నిరీక్షణ భారం అధికంగా పడుతున్నది వారిపైనే.

ఒకే టికెట్టుపై నాలుగు గంటలకు మించిన విరామం ఉంటే ఒక పూట భోజనం, వృద్ధులకూ పసిబిడ్డల తల్లులకూ నడుం వాల్చే చోటు సంస్థే కల్పించాలని కోరడం అత్యాశ కాదు. లాంజిలో ఖాళీ ఉన్న వేళల వారిని లోపలికి పంపినా సరిపోతుంది. 2024 జూన్‌లో ఈ శాఖను చేపట్టిన రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ప్రతినిధి. దూరపు జిల్లాల ప్రయాణమంటే ఏమిటో ఆయనకు ఎవరూ వివరించనక్కరలేదు. దీనికి పార్లమెంటులో బిల్లు కూడా అవసరం లేదు. ఆలస్యాలకు ఉన్న నిబంధనలోనే డైరెక్టరేటు ఒక వాక్యం చేర్చితే చాలు.