గంప కింది ప్రాణాలు

మధ్యాహ్నం మూడింటిదాకా రోళ్లు పగిలే ఎండ. నాలుగింటికి మబ్బు. అయిదయ్యేసరికి ఈదురుగాలి, దాని వెనకాలే జడివాన! రోహిణి వెళ్లి మృగశిర వచ్చే రోజుల్లో చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట వైపు మెట్ట ఊళ్లలో ఇది మామూలే. పత్తి గింజ పెట్టేందుకు ఎదురుచూసే రైతు ఆ వానకు సంబరపడతాడు. అదే ఇంటి ఇల్లాలు మాత్రం పెరట్లోకి పరుగెడుతుంది... పిల్లల కోడి ఎక్కడుందోనని.

మరి, 12 గుడ్లు పొదగేసి 21 రోజులు కాచుకుంటే వచ్చిన పిల్లలాయె. గద్దకీ పిల్లికీ ముంగిసకీ పోగా మిగిలినవి పెద్దయితేనే కోళ్ల డబ్బులు. ఆ డబ్బుకి ఇంట్లో ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. ఒక్క వానకి గంప ఖాళీ అయితే ఆ బాధ చిన్నదేం కాదు.

పుట్టిన పిల్ల ఒంటిమీద ఉండేది నూగే కానీ ఈకలు కావు. తడిసిందా, ఒంట్లో వేడి ఇట్టే జారిపోతుంది. మొదటివారం దానికి దాదాపు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఆపైన వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గినా ఓర్చుకుంటుంది. తల్లి ఉంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, రెక్కల కింద దూరితే చాలు. చిక్కంతా తల్లి లేనివాటితోనే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియలు ఇంక్యుబేటర్లో పుట్టి అట్టపెట్టెలో ఊరికొస్తాయి. ఆరు వారాలదాకా వాటిని పెరట్లోకి వదలొద్దనేది అందుకే. ఇక గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి వీధుల్లో అమ్మే పిల్లల సంగతి సరేసరి. బుజ్జిగాడు మారాం చేశాడని కొనేసి, వెచ్చదనం మాట మరిచిపోతే అది రెండ్రోజుల ముచ్చటే.

బల్బు పెట్టొచ్చు. అయితే పాతకాలపు పచ్చ బల్బే పెట్టాలి. ఎల్ఈడీ వెలుగిస్తుంది కానీ వేడి ఇవ్వదు. పిల్లకు రెండు వాట్ల లెక్కన 30 పిల్లలకు 60 వాట్ల బల్బు, అడుగున్నర ఎత్తులో వేలాడదీస్తే సరి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. దీపం కింద ఒకదానిమీద ఒకటి పడి కీచుకీచుమంటే చలి. దూరంగా జరిగి నోళ్లు తెరిచి రొప్పుతుంటే ఉక్క. ఒకే మూలకు నక్కితే ఎదురుగా ఎక్కడో గాలి కొడుతోందన్నమాట. మండుటెండలో బల్బు ఆర్పేయడం మంచిదే, సాయంత్రం మళ్లీ వేయడం మరిచిపోతేనే ముప్పు. పైగా గాలివాన రాగానే ముందు పోయేది కరెంటేనాయె! అప్పుడు అట్టపెట్టెలో ఎండుగడ్డి పరిచి, పిల్లల్ని వంటింటి మూలకు చేర్చడమే తేలిక.

గూటి చుట్టూ టార్పాలిన్ బిగించి కట్టేసి నిశ్చింతగా పడుకునేవాళ్లూ ఉన్నారు. తెల్లారి విప్పితే గుప్పుమనే ఘాటు... తడిసిన ఊకలో రెట్టలు కుళ్లి పుట్టే అమ్మోనియా అది. మనకే కళ్లు మండితే నేలకి జానెడెత్తులో ఊపిరి తీసే పిల్ల మాటేంటి? జల్లు కొట్టే వైపు గోనెపట్టా కింది నుంచి మూడొంతులు కట్టి, పైన గాలాడే సందు వదలాలి. తడిసిన ఊక ఎప్పటికప్పుడు ఎత్తిపారేసి పొడిది పోయాలి. లేదంటే ముసురు పట్టిన వారంలోనే రక్తపారుడు రోగం తయారు.

దానికన్నా పెద్ద గండం కొక్కెర తెగులు. 1920ల్లో హిమాలయాల్లోని రాణిఖేత్‌లో బయటపడటంతో ఆ ఊరిపేరే దానికి స్థిరపడింది. అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో ఒక్క చుక్క లసోటా టీకా వేస్తే రక్షణ. తర్వాత మళ్లీ వేయించాలనుకోండి. కానీ ఒక్క సీసా పదుల పిల్లలకు సరిపోతుంది, కలిపాక గంటల్లో వాడేయాలి. పది పిల్లల కోసం ఎవరు విప్పుతారు? వీధిలో నలుగురూ మాట్లాడుకుని ఒకేరోజు వేయిస్తే ఖర్చూ కలిసొస్తుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బయటపడిన బర్డ్‌ఫ్లూ మాత్రం వేరే. కోళ్లు ఉన్నట్టుండి గుంపుగా చనిపోతే ముట్టుకోకుండా పశువైద్యుడికి కబురు పెట్టాల్సిందే.

ఇంతా చేసి, వానలో దొరికిపోయిన పిల్ల ఒకటి చల్లబడి వాలిపోయిందనుకోండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెత్తటి గుడ్డతో అద్ది, బల్బు కిందో అరచేతుల మధ్యో ఉంచండి. లేచి నిలబడి కీచుమన్నాకే గోరువెచ్చని బెల్లం నీళ్లు.