ముట్టుకోనివ్వకపోతే మెషినిస్టులం ఎట్లా అవుతాం?

ఏజెన్సీలోని మా ఐటీఐకి కొత్త సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్ వచ్చింది. మాతో మాత్రం రికార్డులో జీ00, జీ01 రాయిస్తున్నారు. ముట్టుకుంటే పాడైపోద్దంట! పాడవకుండా నేర్చుకోడానికే కదా ప్యానెల్ మీద అన్ని ఏర్పాట్లు? సింగిల్ బ్లాక్ నొక్కితే ఒక్కో లైనుకీ ఆగుద్ది. జాబ్ బిగించకుండా గాలిలోనే ప్రోగ్రామ్ నడిపి చూడొచ్చు. ఎర్ర బటన్ ఉండనే ఉంది. హ్యాండ్‌వీల్ ఒక గీత తిప్పితే టేబుల్ ఎంత జరుగుద్దో, జీ54లో జాబ్ జీరో ఎట్లా పెట్టాలో బ్లాక్‌బోర్డు చెప్పుద్దా? ఇన్‌స్పెక్షన్ రోజు కవరు తీసి ఫొటోలు దిగుతారు, అది వేరే సంగతి. రేపు కంపెనీలో తడబడితే "ట్రైబల్ పిల్లలకి స్కిల్ లేదు" అనేదీ వీళ్లే. సార్ పక్కనుండగా, నలుగురేసి చొప్పున, మా చేతులతోనే నడిపించాలి. సోమవారం సంతకాలతో ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్తున్నాం. పాసైపోయిన అన్నలు, అక్కలు కూడా రండి.