అధికార మార్పు – పౌరుని ఆశ

గద్దె మీది మనిషి మారినంతలో మనకేమి ఒరుగుతుందని విద్యార్థి మిత్రులు తరచు అడుగుతుంటారు. ఇందుకు 1977 వైపు చూడమంటాను.

1975 జూన్ 25న విధించిన అత్యవసర పరిస్థితిలో పత్రికల నోరు నొక్కారు. విచారణ లేకుండానే వేలాదిమందిని చెరలో ఉంచారు. ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు వద్ద పేదల ఇండ్లు నేలమట్టమయినాయి. నిర్బంధితునికి న్యాయస్థానం తలుపు తట్టే హక్కు కూడా లేదని 1976లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. అటువంటి చీకటి తరువాత, 1977 మార్చి 24న మొరార్జీ దేశాయి ప్రధానిగా ప్రమాణం చేసిన నాడు సామాన్యుని గుండె ఎంత తేలికపడి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ ప్రభుత్వం అంతఃకలహాలతో 1979 జూలైలోనే కూలింది. నాయకుల మీది ఆశ అడియాస అయింది, నిజమే. కాని వారు తెచ్చిన 44వ రాజ్యాంగ సవరణ నిలిచింది. ప్రాణానికి, వ్యక్తిస్వేచ్ఛకు రక్షణ కోరి కోర్టుకెక్కే హక్కును ఇప్పుడు అత్యవసర పరిస్థితిలో సైతం ఎవరూ నిలిపివేయలేరు. కొత్తగా వచ్చే ఏ పాలకుని నుంచయినా నేను ఆశించేది ఇదే: తన చేతులకు తానే వేసుకునే ఇటువంటి కట్టుబాటు.

అన్నట్లు, ఆ ఎన్నికలలో మన ఆంధ్రప్రదేశ్ 42 స్థానాలలో 41 ఓడిన కాంగ్రెసుకే ఇచ్చింది; జనతాకు దక్కినది ఒక్క నంద్యాల. ఆ సవరణ నంద్యాలకు ఎంతో, తక్కిన నలభై ఒక్కటికీ అంతే.