పార్సిల్ ఖర్చులోనూ నిజాయితీ ఉండాలి

వాడిన వస్తువును కొని వాడుకోవడం మన ఇళ్లలో కొత్త విషయం కాదు. అక్క చదివిన పుస్తకం చెల్లెలికి, పెద్దింటి కుట్టుమిషను పక్కింటికి చేరడం ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు ఈ క్రయవిక్రయాలు ఫోను ద్వారా జరుగుతున్నాయి. అమ్మేవారు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు. కొనేవారు ఉరవకొండలోనో, మడకశిరలోనో, కదిరిలోనో ఉంటారు. అనంతపురం వంటి కరువు సీమలో ఇది అవసరంగా మారింది. వేరుసెనగ చేతికందని సంవత్సరం బిడ్డల చదువుకు పాత పుస్తకాలే దిక్కు. అటువంటి ఇంటికి వంద రూపాయల తేడా చిన్నది కాదు.

ఈ లావాదేవీలలో వస్తువు ధర విషయంలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. చిక్కంతా తపాలా, ప్యాకింగు ఖర్చుల దగ్గరే వస్తుంది. పుస్తకం వెల 80 రూపాయలని ప్రకటించి, కొనడానికి సిద్ధమైన తరువాత 'పోస్టేజీ 150' అంటారు. తీరా పార్సిల్ చేతికి వచ్చాక దానిపై అంటించిన చీటీలో 50 రూపాయలే కనిపిస్తుంది. మిగిలిన వంద ఏమిటని అడిగితే సమాధానం ఉండదు. అడగడానికి మొహమాటపడి ఊరుకునేవారే ఎక్కువ.

ధర్మం దీనిని ఎలా చూస్తుంది? లాభం తీసుకోవడం నిషిద్ధం కాదు. పాత వస్తువును ఉభయుల సమ్మతితో ఏ ధరకైనా అమ్ముకోవచ్చు. కాని పరస్పర సమ్మతి లేకుండా ఒకరి సొమ్మును మరొకరు తినరాదని దివ్యఖుర్‌ఆన్ 'అన్నిసా' సూరాలో హెచ్చరిస్తున్నది. తప్పుడు లెక్క చెప్పి పొందిన అంగీకారం నిజమైన సమ్మతి కాజాలదు.

మన మదరసాలలో బోధించే 'హిదాయా' గ్రంథంలో దీనికి చక్కని మార్గదర్శనం ఉంది. అసలు ఖరీదు చెప్పి, దానిపై లాభం కలిపి అమ్మే పద్ధతిని 'మురాబహా' అంటారు. అటువంటి అమ్మకంలో వస్తువుకు వేయించిన రంగు కూలి, ధాన్యం మోయించిన కూలి వంటి ఖర్చులను అసలులో కలుపుకోవచ్చునని ఫిఖ్‌హ్ పండితులు అనుమతించారు. అయితే ఆ వ్యాపారి 'ఇది నాకు ఇంతకు పడింది' అనాలే తప్ప, 'ఇంతకు కొన్నాను' అనకూడదు. ఎందుకంటే రెండవ మాట అబద్ధమవుతుంది. రవాణా ఖర్చు కలుపుకోవడంలో దోషం లేదు. దానిని ఉన్నది ఉన్నట్లు చెప్పకపోవడమే దోషం.

కనుక అమ్మేవారు 'పోస్టేజీకి 50, అట్టపెట్టె, శ్రమ కలిపి 30' అని విడమరచి చెబితే అది న్యాయం. 'పంపడానికి మొత్తం 80 తీసుకుంటాను, ఇష్టమైతే కొనండి' అన్నా న్యాయమే. 50 రూపాయల పోస్టేజీని 150 అని చెప్పడం మాత్రం అబద్ధం. ధాన్యపు రాశి లోపలి తడిని పైకి కనబడకుండా ఉంచిన వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించిన సంఘటన మనందరికీ తెలిసినదే. తక్కువ వెల పైన పెట్టి, అసలు భారాన్ని పార్సిల్ ఖర్చులో దాచడం కూడా ఆ కోవలోనిదే.

దేశ చట్టం కూడా ఇదే చెబుతున్నది. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, ఆన్‌లైన్ వేదికలపై వ్యాపారం చేసేవారు మొత్తం ధరను ఒకే అంకెగా చూపాలి. డెలివరీ, తపాలా, ప్యాకింగు వంటి ఖర్చులను విడిగానూ తెలపాలి. చివరి నిమిషంలో ఖర్చులు బయటపెట్టడాన్ని 2023 నాటి మార్గదర్శకాలు మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చాయి. వ్యాపారులపై ఫిర్యాదులకు 1915 నంబరు ఉంది. ఇంట్లోని పాత వస్తువును ఎప్పుడో ఒకసారి అమ్ముకునే వ్యక్తికి ఆ నిబంధనలు వర్తించవు. అక్కడ మనల్ని నిలువరించేది దైవభీతి ఒక్కటే.

ఖర్చు తగ్గించే మార్గాలను తెలుసుకోవడం కూడా ఉభయుల బాధ్యత. పుస్తకాల కోసం తపాలా శాఖ 2025 మే 1న 'జ్ఞాన్ పోస్ట్' సేవను ప్రారంభించింది. విద్యా, సాంస్కృతిక, ధార్మిక గ్రంథాలను 300 గ్రాముల వరకు 20 రూపాయలకు, 5 కిలోల వరకు గరిష్ఠంగా 100 రూపాయలకు పంపవచ్చు, పన్నులు అదనం. కాస్త ఆలస్యమైనా పార్సిల్ ఎక్కడుందో తెలుసుకునే వీలుంది. బరువైన సామానుకు ఆర్టీసీ పార్సిల్ సర్వీసు ఉపయోగపడుతుంది. అయితే బస్టాండుకు వెళ్లి తెచ్చుకునే ఆటో ఖర్చును కొనేవారు ముందే లెక్కించుకోవాలి.

పెట్టె కొలత కూడా ముఖ్యమే. చాలా కొరియర్ సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. వచ్చిన అంకె అసలు బరువుకంటే ఎక్కువైతే దానికే రుసుము వేస్తాయి. రెండున్నర కిలోల కుక్కరును 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టెలో పంపితే 7.2 కిలోల ఛార్జీ పడుతుంది. అదే 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో ఇమిడితే 3 కిలోలే. అమ్మేవారి అశ్రద్ధకు కొనేవారు మూల్యం చెల్లించడం న్యాయం కాదు.

కొనేవారికీ బాధ్యతలున్నాయి. గాజు సామానును చక్కగా చుట్టి, ఎండలో తపాలా కార్యాలయానికి నడిచి వెళ్లిన సోదరి శ్రమకు విలువ ఉంది. పోస్టేజీ చీటీ చూసి ప్రతి రూపాయికీ ఆమెను నిలదీయడం సహృదయత కాదు. తక్కువ ఖర్చుతో పంపమని తామే పట్టుబట్టి, ఆలస్యమైందని నిందించడమూ తగదు. చెక్కుచెదరని వస్తువును పగిలిందని చెప్పి డబ్బు వెనక్కి అడగడం మరీ ఘోరం.

కనుక డబ్బు పంపేముందే నాలుగు విషయాలు ఖరారు చేసుకుందాం: మొత్తం ఎంత, ఏ సేవ ద్వారా వస్తుంది, దారిలో పాడైతే నష్టం ఎవరిది, తిరిగి పంపవలసి వస్తే ఖర్చు ఎవరిది. వర్ణించినట్లు వస్తువు లేకపోతే తిరుగు ఖర్చు అమ్మినవారు భరించడం, మనసు మారితే కొన్నవారు భరించడం న్యాయం. అప్పు ఒప్పందాలను వ్రాసుకోమని 'అల్ బఖరా' సూరా ఆదేశించింది. ఆ స్ఫూర్తితో ఈ మాటలనూ సందేశంగా వ్రాసి ఉంచుకుంటే తరువాత తగవుకు తావుండదు. అనుకున్నదానికంటే తక్కువ ఖర్చయితే మిగిలినది తిరిగి పంపుదాం. పదీ ఇరవై రూపాయలే అయినా అది మన సొమ్ము కాదు.

క్రయవిక్రయాలలో నిజం పలికి లోపాలను వెల్లడించేవారికి శుభం కలుగుతుందని, దాచేవారి వ్యాపారంలో శుభం తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. అల్లాహ్ మన ఇళ్లలోకి వచ్చే ప్రతి రూపాయినీ ధర్మసమ్మతమైనదిగా చేయుగాక! ఆమీన్.